నొక్కితే గుంట పడని ముఖం

మా చెల్లెలి మనవరాలు ఈ ఏడు నర్సింగులో చేరింది. చేరిన వారానికే ఫోన్ చేసి, "అవ్వా, నీ సర్వీసులో నేర్చుకున్నదంతా నాకు రాసిపెట్టవా?" అంది. అంత ఓపిక నాకెక్కడిది తల్లీ అన్నాను. ముప్పై మూడేళ్లు నిలబడి చేసిన ఉద్యోగం. మోకాళ్లు రెండూ అరిగిపోయాయి, పిక్కల్లో నరాలు తాళ్ల మాదిరి పైకి తేలాయి. ఏ ఊరికి ఎప్పుడు బదిలీ అయ్యానో, ఏ ప్రమోషన్ ఎప్పుడొచ్చిందో నాకే సరిగ్గా గుర్తు లేదు. అవి నీకూ అక్కరలేదు.

అయినా కూర్చున్నాను. ఒక ముఖం ఉంది, అది నన్ను వదలదు. దాని గురించి రాస్తే చాలు, మిగతా సర్వీసంతా చెప్పినట్టే.

వేలితో చూడటం

మన పక్క ఎవరికైనా ముఖం ఉబ్బితే తలా ఒక మాట చెబుతారు. నీరు పట్టిందని ఒకరు, దిష్టి తగిలిందని ఒకరు, ఒళ్లు చేసింది మంచిదే కదా అని ఇంకొకరు. ఆసుపత్రికి వచ్చేసరికి ఆ మనిషికి ఈ మాటలన్నీ కంఠస్థం అయిపోయి ఉంటాయి.

నేను చిత్తూరులో కొత్తగా చేరినప్పుడు అక్కడ ఒక పెద్ద డాక్టరుండేవారు. పెద్దసారు అనేవాళ్లం. నోరు మహా చెడ్డది. ఒకరోజు నేను కేసు షీటులో 'ముఖం వాపు' అని రాస్తే కాగితం నా మీదికి విసిరారు. "కంటితో చూసి వాపని రాయడానికి నువ్వెందుకమ్మా, గేటు దగ్గర వాచ్‌మన్ చాలడా? వేలు పెట్టి నొక్కు!" అని అరిచారు. వార్డంతా చూస్తోంది. నాకు ఏడుపొచ్చింది. కానీ నొక్కడం వచ్చింది.

నువ్వూ నేర్చుకో. బొటనవేలితో కాలి ముందెముక మీద పదంకెలు లెక్కపెట్టేంత సేపు నొక్కి తియ్యి. గుంట పడి అట్లాగే నిలిచిందా, అది నీరు. గుండెనో మూత్రపిండాలనో చూడాలి. గుంట పడకుండా చర్మం మైనంలా మళ్లీ లేచిందా, అప్పుడు ఆగి ఆలోచించు. మెడలో థైరాయిడ్ అని ఒక గ్రంథి ఉంటుంది. దాని హార్మోను బాగా తగ్గిపోతే చర్మం కింద జిగురులాంటిది చేరి ముఖం ఉబ్బుతుంది. కళ్ల కింద సంచులు వేలాడతాయి. పెదవులు, నాలుక మందమవుతాయి. గొంతు బొంగురుపోతుంది, కనుబొమల చివర్లు రాలిపోతాయి, జుట్టు పీచవుతుంది. మనిషి నెమ్మదైపోతుంది. ఒళ్లంతా చలి.

ముఖం ఉబ్బించే హార్మోను ఇంకొకటి ఉంది, అది మింగితే వచ్చేది. చంద్రగిరి దిక్కునుంచి ఒక ముసలామెను తెచ్చారు. బుగ్గలు బూరెల మాదిరి ఉన్నాయి, చేతులు చూస్తే పుల్లలు. కోడలు గర్వంగా, "మాయత్తకు నేను ఏమీ తక్కువ జెయ్యలేదు, మొగం సూడండి యెట్లా నిండిందో!" అంది. తీరా అడిగితే మోకాళ్ల నొప్పికని ఊళ్లో ఎవరో ఇచ్చిన స్టెరాయిడ్ మాత్రలు రెండేళ్లుగా మింగుతోంది. అట్లాంటి మాత్రలు ఇంట్లో కనబడితే కోపమొచ్చి పారేయించొద్దు. ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికొస్తుంది. డాక్టరు చూసి మెల్లగా తగ్గించాలి.

ఇదంతా నాకు తెలుసు. చదవేస్తే ఉన్న మతి పోయినట్టు, తెలిసీ చేసిన తప్పు కాబట్టే రాస్తున్నాను.

పాలమ్మే మునెమ్మ

అప్పటికి నన్ను పలమనేరు వేశారు. పెద్దసారూ అదే ఆసుపత్రికి పెద్దగా వచ్చారు. నేను ఓపీలో చీటీలు తీసుకుని పేర్లు పిలిచే చోట ఉన్నాను. అది మనుషుల్ని మనుషులుగా చూసే చోటు కాదు. వరస గేటు దాకా ఉంటుంది, వరసలో ఉన్నవాళ్లకు కోపం, లోపల డాక్టరుకు కోపం, రెండూ నామీదే.

ఒక పొద్దున మునెమ్మ వచ్చింది. నలభై నిండని మనిషి. రెండావులు పెట్టుకుని పాల కేంద్రానికి పాలు పోసే ఆమె, అంతకుముందు పిల్లల టీకాలకు వచ్చినప్పటినుంచి నాకు తెలుసు. చకచకా మాట్లాడేది, చకచకా నడిచేది. ఇప్పుడు స్వెట్టరు మీద శాలువా కప్పుకుని, కళ్లు సగం మూసుకుపోయిన ముఖంతో నిలబడి ఉంది.

"ఏం మునెమ్మా, ఏమైంది?"

"మొగం ఊదింది సిస్టరమ్మా. గొంతు సూడు, మొగోళ్ల గొంతైపోయినాది. పొద్దస్తమానం నిద్రొస్తాంది. పాలు పిండతా పిండతా నిద్రపోతాండా, ఆవు తన్నేదాకా తెలీలే. ఇంగ సలి. ఒగటే సలి."

"పలమనేరులో సలి యెవురికి లేదు మునెమ్మా?" అన్నాను. ఊరుకోక, "పాలున్న ఇంట్లో మొగం నిండకుంటే ఇంగ యాడ నిండతాది?" అని కూడా అన్నాను.

వరసంతా నవ్వింది. అందరూ నవ్వి ఆపాక మునెమ్మ నవ్వింది. ఆ ఆలస్యం కూడా జబ్బులోదే. నాకు తోచలేదు.

లోపల కొత్త డాక్టరు మూత్రం పరీక్ష చేయించాడు. తప్పేమీ కనిపించలేదు. రక్తం తక్కువని ఇనుము మాత్రలు, వాపుకని నీళ్లు పోయే మాత్రలు రాశాడు. మందులిచ్చింది నేనే. ఆమె కాలి మీద నా బొటనవేలు పెట్టడానికి పదంకెల సేపు చాలు. పెట్టలేదు.

గుండు

మాత్రలతో ఏమీ తగ్గలేదు. ఇంట్లో ఆమెను సోమరిదన్నారు. మొగుడు రెడ్డెప్ప టమాటా రైతు, చెడ్డవాడు కాదు, కానీ పొలమూ ఆవులూ ఇల్లూ ఒక్కడి నెత్తిన పడేసరికి నోరు పారేసుకునేవాడు. ఆఖరికి వాళ్ల అమ్మ ఎప్పటిదో తీరని మొక్కు గుర్తు చేసింది. మొగుడూ పెళ్లామూ ఇద్దరూ కొండకు నడిచి వెళ్లి తలనీలాలు ఇస్తే అంతా సర్దుకుంటుందంది.

అలిపిరి నుంచి ఎక్కారు. తిరిగి వచ్చేటప్పుడు మాత్రలకోసం ఆసుపత్రి దగ్గర దిగారు. ఇద్దరివీ నున్నటి గుండ్లు, వాటి మీద గంధం.

"నాలుగు మెట్లెక్కేది, కూసునేది" అన్నాడు రెడ్డెప్ప. "కర్ర పట్టుకున్న అవ్వలు గూడా మమ్మల్ని దాటుకోని పోయినారు సిస్టరమ్మా. మొదట్లో తిట్టినా. ఆనిక బయమేసి చెయ్యి పట్టుకున్నా."

మునెమ్మ నా చేతిలో లడ్డు ముక్క పెట్టింది. మాది చర్చికి పోయే కుటుంబం, అయినా తిన్నాను. ప్రేమగా పెట్టినదాన్ని వద్దనడం నాకు చేతకాదు. తింటూ ఆమె ముఖం చూశాను. పళ్లెమంత ఉంది.

"గుండు కొడితే అందురి మొగమూ అట్లనే కనపడతాదిలే" అన్నాను.

ఇది మన జిల్లా మనిషే చేయగల తప్పు. మనకు గుండు లేని బస్సు లేదు, గుండు లేని బజారు లేదు. గుండు చేయించుకుంటే ముఖం పెద్దగా కనబడుతుందని చిన్నప్పటినుంచి తెలుసు, కాబట్టి ఇంక చూడం. వేరే ఊరి నర్సయితే ఆగి చూసేదేమో. కనుబొమల చివర్లు లేవని గమనించాను కూడా. కత్తి తగిలిందేమో అనుకున్నాను. కళ్లుండీ గుడ్డి అంటే ఇదే.

"సలి తట్టుకోలేకుండా ఉండా సిస్టరమ్మా" అంది మునెమ్మ.

"తలకాయ నున్నగుంటే సలెయ్యదా మరి? టోపీ పెట్టుకో" అన్నాను.

పాదరసం ఎక్కలేదు

నాలుగు నెలలు పోయాయి. పలమనేరులో మార్గశిరం అంటే పొద్దున పదైనా మంచు తెర తీయదు. అట్లాంటి పొద్దున రెడ్డెప్ప ఆమెను ఆటోలో వేసుకుని వచ్చాడు. నేను అప్పటికి ఆడవాళ్ల వార్డులో ఉన్నాను.

ఆమె నన్ను గుర్తుపట్టలేదు. ఇంటి కప్పులో ఆవులున్నాయంటోంది, వాటిని తోలమంటోంది. పట్టుకోబోతే చెయ్యి విసిరింది. వెంట వచ్చినవాళ్లు గాలి సోకిందన్నారు. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు మతి చలించిందన్నాడు. పేరే వేరు, చూపు ఒకటే. శాంతించడానికి మత్తు సూది రాసి ఇంకో వార్డుకు వెళ్లిపోయాడు.

సూదికి ముందు జ్వరం చూడాలి. చంకలో థర్మామీటరు పెట్టాను. పాదరసం కదల్లేదు. విదిల్చి మళ్లీ పెట్టాను. కదల్లేదు. సర్కారు థర్మామీటరు ఇంకెట్లా ఉంటుందని విసుక్కుని ట్రేలో పడేశాను. చార్టులో తొంభై ఎనిమిది పాయింట్ నాలుగు అని రాశాను.

ఈ అంకె గురించి ఒక మాట చెప్పాలి. ఏ ఆసుపత్రిలోనైనా చార్టులు తిరగేసి చూడు, మంచం తర్వాత మంచం తొంభై ఎనిమిది పాయింట్ నాలుగే. అంతమందికి ఒకే వేడి ఉండదని అందరికీ తెలుసు. తీరిక లేక రాస్తాం, తర్వాత అలవాటై రాస్తాం. నాకు నేర్పినవాళ్లూ అట్లాగే రాశారు, నన్ను చూసి నా తర్వాతివాళ్లూ అదే నేర్చుకున్నారు. సిగ్గుగానే ఉంది చెప్పడానికి.

ఆమె చెయ్యి పట్టుకుని సూది వేశాను. చెయ్యి చల్లగా ఉంది. ఆ పూట అందరి చేతులూ చల్లగానే ఉన్నాయి. ఏదో గొణుగుతోంది. కాసేపటికి నిద్రపోయింది. అమ్మయ్య అనుకున్నాను.

మధ్యాహ్నం అన్నం క్యారియరు విప్పబోతూ ఒకసారి చూసి వద్దామని వెళ్లాను. పిలిస్తే పలకలేదు. గిల్లితే ముఖం ముడుచుకోలేదు. ఊపిరి లెక్కపెట్టాను, చాలా నెమ్మదిగా వస్తోంది. మంచం తలాపున నిలబడిన రెడ్డెప్ప నా ముఖం చూసి భయపడ్డాడు. మంకీ టోపీ తీసి దానితోనే కళ్లు తుడుచుకున్నాడు. నేను దిండు సర్దబోతే మునెమ్మ తల మీది గుడ్డ జారింది.

అతని తల, ఆమె తల పక్కపక్కనే ఉన్నాయి. అతనికి ఒత్తుగా జుట్టు, పాపిడి తీసి దువ్వుకున్నాడు కూడా. ఆమెకు పసిబిడ్డ తల మీది నూగు మాదిరి ఏదో ఉంది, అంతే.

"రెడ్డెప్పా, మీ ఇద్దరికీ గుండు ఒకే దినం కొట్టినారు కదా? ఆమెకు మళ్లా యాడన్నా కొట్టించినారా?"

"లేదు సిస్టరమ్మా. ఒగే దినం, ఒగరి పక్కన ఒగరం కూసున్నాం. నాకు రెండుసార్లు కటింగు గూడా అయిపాయ. దీనికే మొలవలే. మాయమ్మ మొక్కులో ఏందో లోటు జరిగిందంటాది."

దుప్పటి తీసి ఆమె కాలి మీద బొటనవేలు పెట్టి నొక్కాను. పదంకెలు లెక్కపెట్టి తీశాను. అంత లావు కాలు, గుంట పడలేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు పక్క వార్డుకు పరిగెత్తి ఇంకో థర్మామీటరు తెచ్చాను. ముందు నా చంకలో పెట్టుకుని చూశాను, చక్కగా ఎక్కింది. విదిల్చి ఆమెకు పెట్టాను. అడుగునుంచి లేవలేదు. పొద్దున నేను ట్రేలో పడేసిన థర్మామీటరులో ఏ లోపమూ లేదు. ఆమె ఒళ్లే అంత చల్లబడిపోయింది. ఒళ్లంతా నెమ్మదించి ఆగిపోబోతున్న మనిషికి నేను నిద్రమందు ఇచ్చాను.

ఒక గీత

పెద్దసారు వచ్చారు. ఆయన కూడా నొక్కి చూశారు. కనురెప్పలు, నాలుక, కనుబొమలు చూశారు.

"ఈమెను ఇంతకుముందు చూశావా సుగుణా?"

"రెండుసార్లు చూశాను సార్."

తిడతారని నిలబడ్డాను. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. కంబళ్లు కప్పమన్నారు, వేడినీళ్ల సంచులు మాత్రం పెట్టొద్దన్నారు. ఒక్కసారిగా వేడి చేస్తే రక్తపోటు పడిపోతుందట. ఊపిరికి కావలసినది అమర్చి, మా దగ్గర ఆ పరీక్షా లేదు ఆ మందూ లేదు కాబట్టి వెంటనే తిరుపతికి తీసుకెళ్లమన్నారు.

అంబులెన్సు వచ్చేలోపు కేసు షీటు నా చేతిలో ఉంది. అందులో నా అక్షరాలతో తొంభై ఎనిమిది పాయింట్ నాలుగు. అక్కడి డాక్టర్లు మొదట చూసేది అదే. అది చూస్తే ఒళ్లు చల్లబడిన సంగతి వాళ్లకు తట్టడానికి ఎంతసేపు పడుతుందో! కలం తీశాను. మా హెడ్ నర్సు నా మణికట్టు పట్టుకుంది.

"కొట్టెయ్యొద్దే సుగుణా. సూదికి ముందు సరిగ్గా సూడలేదని నీ చేత్తో నువ్వే రాసిచ్చినట్టు. ఆ మనిషి పోతే నీ ఉద్యోగం పోతాది. ఆడపిల్లలుండారు, మొగుడు లేడు. నోటితో చెప్పు అక్కడ, చాలు."

ఆమె నా మంచికే చెప్పింది. నా భర్త పోయి అప్పటికి రెండేళ్లు. ఇద్దరు పిల్లలూ నా జీతం మీదే చదువుతున్నారు. నోటితో చెబితే చాలేమో అని నాకూ అనిపించింది, అబద్ధమెందుకు. కానీ నోటిమాట చేతులు మారేసరికి మాయమవుతుంది, కాగితమే మంచం దాకా వెళ్తుంది. ఇన్నేళ్ల ఉద్యోగంలో అది నాకు బాగా తెలుసు.

కింది అంకె కనబడేటట్టు ఒకే గీత కొట్టాను. పక్కన రాశాను: 'పొద్దున పాదరసం ఎక్కలేదు. థర్మామీటరు పాడైందనుకుని అంకె వేశాను. మత్తు సూది ఇచ్చాను. మధ్యాహ్నం రెండో దానితోనూ ఎక్కలేదు.' సంతకం పెట్టాను.

అంబులెన్సులో నేనే వెళ్లాను. మొగిలి ఘాటు మలుపుల్లో ఆమె ఒరిగిపోకుండా ఒక పక్క నేను, ఒక పక్క రెడ్డెప్ప పట్టుకున్నాం. కంబళ్లలోంచి ముఖం ఒక్కటే కనబడుతోంది.

"సచ్చిపోతాదా సిస్టరమ్మా?"

"తెలీదప్పా."

కొంతదూరం పోయాక, "ఒగసారి కొట్టినా" అన్నాడు. "పొయ్యి మీద పాలు పొంగిపోతాంటే సూస్తా కూసున్యాది. కొవ్వెక్కిందని కొట్టినా. జబ్బని నాకేం తెలుసు?"

"నేను నవ్వినాను రెడ్డెప్పా. అందురి ముందర నవ్వినాను. నాకు తెలిసుండల్ల."

ఘాటు దిగాక అతను జారిన కంబళిని ఆమె మెడ దాకా లాగాడు.

తరవాత

అక్కడి డాక్టరమ్మ కేసు షీటు చదివింది, నా రాత దగ్గర ఆగింది, నా వైపు ఒకసారి చూసి లోపలికి పరిగెత్తింది. రక్త పరీక్ష ఫలితం వచ్చేదాకా కూడా ఆగకుండా థైరాయిడ్ మందు మొదలుపెట్టారు. మూడో రోజు మునెమ్మ కళ్లు తెరిచింది.

నాకు మెమో వచ్చింది, విచారణ జరిగింది, శిక్షా పడింది. అది కాగితాల సంగతి, వదిలెయ్. ఉద్యోగం మిగిలింది. ఎందుకు మిగిలిందో అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. పెద్దసారు ఆ విషయం రిటైరయ్యేదాకా నాతో ఎత్తలేదు.

ఇప్పుడు మీకు పాదరసం లేదు, డిజిటల్‌వి వచ్చాయి. మొన్న నా మోకాళ్లకని ఆసుపత్రికి వెళ్తే పక్క మంచం ముసలాయనకు పెట్టిన థర్మామీటరు అంకె చూపించకుండా 'ఎల్ ఓ', అంటే మరీ తక్కువ, అని చూపించింది. నర్సుపిల్ల బ్యాటరీ అయిపోయిందని దాన్ని విదిల్చింది. నేను ఊరుకోలేకపోయాను. "ముందు నీకు పెట్టుకుని సూడు తల్లీ" అన్నాను. ఎవరీ ముసలిదన్నట్టు చూసింది, కానీ పెట్టుకుంది. ఆ పూటకు బ్యాటరీ మాటే నిజమైంది. అయినా పర్వాలేదు.

మునెమ్మ ముఖం వాపు తీయడానికి నెలలు పట్టింది. రోజూ పరగడుపున ఒక మాత్ర, అది పాలతోనూ కాఫీతోనూ కాదు, ఉత్త నీళ్లతో. పాలమ్మే మనిషికి పాలు వద్దన్నామని రెడ్డెప్ప నవ్వేవాడు. మరుసటేడు చలికాలంలో ఆమె ఓపీకి వచ్చింది. నన్ను మళ్లీ చీటీల దగ్గరే వేశారు. చిన్న జడ, జడలో కనకాంబరాలు. కళ్లు పూర్తిగా తెరుచుకున్నాయి. చూడగానే గుర్తుపట్టలేదు, నడక చూసి పట్టాను.

చీటీ తీసుకున్నాక కూడా కదల్లేదు.

"సిస్టరమ్మా, ఒగ మాట అడగల్ల. కోపం జేసుకోగాకు."

"అడుగు."

"ఆ పొద్దు నువ్వు సూదేసేటప్పుడు నాకు అంతా మసగ్గా ఉన్నింది. నీ గొంతొకటే తెలిసింది. సలి, సలి అంటానే ఉంటిని. నీకు ఇనపళ్లేదా?"

ఆ గొడవలో వినపడలేదమ్మా అనొచ్చు. ఎవరూ కాదనరు, ఆమె కూడా నమ్మి వెళ్లిపోతుంది. ఆ మాట నాలుక మీదికి వచ్చింది.

"ఇనపడింది మునెమ్మా" అన్నాను. "ఆ పొద్దు గూడా పలమనేరులో సలి యెవురికి లేదనే అన్నాను."

"అవును. అట్లనే అన్నావు" అంది. ఈసారి ఆలస్యం లేదు, వెంటనే అంది. ఆమె గొంతులో కోపం లేదు. నాకు మాత్రం కళ్లు నిండిపోయాయి, ఆపుకోవడం చేతకాలేదు.

మునెమ్మ శాలువాలోంచి చెయ్యి బయటికి తీసి బల్ల మీద నా ముందు పెట్టింది.

"ఇప్పుడు సూడు" అంది.

చెయ్యి వెచ్చగా ఉంది. వెనక వరసలో వాళ్లు బిన్నా కానీ, తొందరగా కానీ అని అరుస్తున్నారు. లోపలినుంచి డాక్టరు గంట కొడుతున్నాడు. నేను పదంకెలు లెక్కపెట్టాను, మళ్లీ పదంకెలు లెక్కపెట్టాను, ఆ చెయ్యి వదల్లేదు.